చెప్పు జారిన కాలు: ఒక హమాలీకి గొట్టం ద్వారా చేసిన డిస్క్ శస్త్రచికిత్స

గుంటూరు యార్డుకు మిర్చి ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి నెలలో ఒక హమాలీ నా దగ్గరికి వచ్చారు. వయసు 41. నడుము కుడి పక్కకు వంచి, గోడ పట్టుకుని నడుస్తున్నారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కూర్చుంటే కాలు లాగేస్తుందని నిలబడే మాట్లాడారు. భార్య సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది: రెండు ఎక్స్‌రేలు, ఒక ఎంఆర్‌ఐ, నాలుగు మందుల చీటీలు. వాటిలో ఒక చీటీ వెనక ఆపరేషన్ ఖర్చు అంచనా రాసి ఉంది. రెండు చోట్ల వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు తీసి, ఆరు స్క్రూలు, రెండు రాడ్లు వేయాలట.

ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. గొప్ప శస్త్రచికిత్స అని రాయడం లేదు. వెన్నెముక వైద్యులు వారం వారం చేసే ఆపరేషనే ఇది. కానీ ఆపరేషన్‌కు ముందు ఈ కేసులో మూడు చోట్ల ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఒక చోట నేను తీసుకున్న నిర్ణయం గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

జరిగింది ఇది. అయిదు వారాల క్రితం లారీ మీది నుంచి మిర్చి టిక్కీ వీపు మీదికి తీసుకుని పక్కకు తిరుగుతుండగా నడుములో ఏదో పుటుక్కుమన్నట్టు అనిపించింది. టిక్కీ అంటే మిర్చి నింపిన గోతం, 40 కిలోలకు పైగా బరువు. ఆ రోజు ఎలాగో పని ముగించుకుని ఇంటికి వెళ్లారు. రెండు రోజులు మంచం మీంచి లేవలేకపోయారు. మూడో రోజు నడుము నొప్పి తగ్గింది. నయమైపోయిందనుకున్నారు. అదే రాత్రి ఎడమ పిరుదు నుంచి తొడ పక్కగా, పిక్క వెలుపలి వైపుగా దిగి, పాదం పైభాగం మీదుగా బొటనవేలి దాకా నిప్పు పెట్టినట్టు మంట మొదలైంది.

నడుము నొప్పి తగ్గి కాలి నొప్పి మొదలవడం, ఈ జబ్బు చరిత్రలో నేను అన్నిటికంటే జాగ్రత్తగా వినే మాట. డిస్క్ ఎలా ఉంటుందో రోగులకు చెప్పేటప్పుడు నేను తాటి ముంజెను గుర్తు చేస్తాను. పైన గట్టి పొరలు, లోపల మెత్తటి గుజ్జు. పొరలు సాగుతున్నంత కాలం నడుము నొప్పి పెడుతుంది. పొర పూర్తిగా చిట్లి గుజ్జు బయటికి వచ్చేస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది, నడుము తేలికపడుతుంది. బయటికి వచ్చిన ముక్క పక్కనే పోతున్న నరం మీద పడుతుంది. నరం నలగడం ఒక్కటే కాదు, ఆ గుజ్జు నరానికి రసాయనంగా కూడా పడదు, వాపు పుట్టిస్తుంది. అందుకే ఒక్కోసారి చిన్న ముక్క మనిషిని నిద్రపోనివ్వదు, పెద్ద ముక్క ఉన్నా కొందరు హాయిగా తిరుగుతుంటారు.

ఈ అయిదు వారాల్లో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తొమ్మిది సూది మందులు వేయించుకున్నారు. రోజుకు రెండు రకాల నొప్పి బిళ్లలు మింగారు, నడుముకు బెల్టు కట్టుకున్నారు. ఎవరో పసరు కట్టు కూడా వేశారు. ఆ బిళ్లల సంగతి విన్నాక కిడ్నీ పరీక్షకు రక్తం తీయించాను. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. అన్ని కేసుల్లోనూ ఇలా ఉండదు. ఆపరేషన్‌కు సిద్ధమయ్యే రోగుల్లో నొప్పి మాత్రలతో కిడ్నీలు దెబ్బతిన్నవారిని ఏటా చూస్తున్నాను.

రెండు ఉబ్బులు, ఒకే నరం

బల్ల మీద పడుకోబెట్టి ఎడమ కాలు మోకాలు వంచకుండా ఎత్తాను. 30 డిగ్రీల దగ్గరే కేక వేశారు. కుడి కాలు ఎత్తినా, 60 డిగ్రీల దగ్గర ఎడమ కాల్లోనే నొప్పి వచ్చింది. బాగున్న కాలు ఎత్తితే బాగాలేని కాలు నొప్పి పెట్టడం అంత తరచుగా కనిపించదు. కనిపిస్తే మాత్రం డిస్క్ ముక్క నరాన్ని నొక్కుతోందని చాలావరకు నమ్మవచ్చు. ఈ కాలు ఎత్తే పరీక్షను ఫ్రెంచి వైద్యుడు లసేగ్ పేరుతో పిలుస్తారు గానీ, సెర్బియా వైద్యుడు లాజారెవిచ్ 1880లోనే దీన్ని వివరించాడు. ఖర్చు లేని పరీక్ష, రెండు నిమిషాల పని. ఆయన తెచ్చిన నాలుగు చీటీల్లో ఒక్కదానిలోనూ ఇది చేసినట్టు రాసి లేదు.

బొటనవేలిని పైకి ఎత్తమని, నేను వేలితో కిందికి నొక్కాను. ఎడమ బొటనవేలి బలం 5కి 4. మడమ దగ్గర పాదం పైకి ఎత్తే బలం కూడా కాస్త తగ్గింది. మడమల మీద నడవమంటే పది అడుగుల తర్వాత ఎడమ పాదం ముందుభాగం దిగిపోయింది. మునివేళ్ల మీద బాగానే నడిచారు. మడమ వెనక సుత్తితో కొడితే రెండు వైపులా స్పందన సమానంగా ఉంది. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య గుండుసూది గుచ్చినా మొద్దుగా ఉందన్నారు. మూత్రం, మలం విషయంలో ఇబ్బంది లేదు. మలద్వారం చుట్టూ స్పర్శ బాగుంది. ఈ చివరి మాట అడగడానికి రోగులూ సిగ్గుపడతారు, కొందరు వైద్యులూ మొహమాటపడతారు. అడగకుండా వదిలేస్తే వచ్చే నష్టం ఎంతటిదో ఆ స్పర్శ పోయిన మనిషిని చూస్తే తెలుస్తుంది. డిస్క్ ముక్క నడిమధ్యన పడి నరాల గుత్తి మొత్తాన్ని నొక్కినప్పుడు మూత్రం ఆగిపోతుంది, జీను తగిలే చోటల్లా మొద్దుబారుతుంది. అప్పుడు వారాల లెక్క లేదు, గంటల లెక్కే.

ఇంకొక్కటి చూశాను. పాదం ఎత్తలేకపోవడానికి నడుమే కారణం కానక్కర్లేదు. మోకాలి కింద, కాలి బయటి వైపు ఎముక పైభాగం దగ్గర ఒక నరం చర్మం కిందే పోతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని గోతాలు కుట్టేవారిలో అది నలిగినా పాదం ఇలాగే వాలుతుంది. అందుకని పాదాన్ని లోపలికి తిప్పే బలం, పక్కకు పడుకుని తొడ ఎత్తే బలం పరీక్షించాను. ఈ రెండూ మోకాలి దగ్గరి ఆ నరం చేతిలో లేవు, నడుము నుంచి వచ్చే ఎల్5 నరం చేతిలో ఉన్నాయి. రెండింటిలోనూ బలం తగ్గింది. కాబట్టి జబ్బు నడుములోనే ఉంది, దెబ్బ తిన్నది ఎల్5 నరమే.

ఆ తర్వాతే ఎంఆర్‌ఐ వెలుగు పెట్టె మీద పెట్టాను. పరీక్ష ముగించకుండా ఫిల్ము చూడకూడదన్నది నేను నియమంగా పెట్టుకున్నాను. ముందే చూస్తే చేయి దాని చెప్పుచేతల్లో నడుస్తుంది.

ఫిల్ములో రెండు చోట్ల డిస్కులు నల్లబడి ఉన్నాయి. అన్నిటికంటే కింద, అయిదో నడుము పూసకూ దాని కింది త్రికాస్థి అనే ఎముకకూ మధ్య ఉన్న ఎల్5–ఎస్1 డిస్క్ ఎత్తు తగ్గి, నడిమధ్యన వెనక్కి ఉబ్బింది. రిపోర్టు మొదటి వరుసలో రాసింది దాని గురించే. దాని పైన, నాలుగో అయిదో పూసల మధ్య ఉన్న ఎల్4–ఎల్5 గురించి రెండో వరుసలో, ఎడమ వైపు బయటికి వచ్చిన ముక్క ఉందని మాత్రం రాశారు. రెండు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి కాబట్టి రెండింటికీ స్క్రూలు అన్నది ఆ పాత అంచనా లెక్క.

ఎల్5–ఎస్1 దగ్గర ఉబ్బు సాధారణంగా ఎస్1 నరాన్ని నొక్కుతుంది. ఎస్1 దెబ్బ తింటే మడమ వెనక స్పందన పోవాలి, మునివేళ్ల మీద నిలబడలేకపోవాలి, అరికాలు పక్కన తిమ్మిరి ఉండాలి. ఈయనకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పక్కకు కోసిన చిత్రాలు ఒక్కొక్కటే చూస్తూ వెళితే అసలు ముక్క దొరికింది. ఎల్4–ఎల్5 డిస్క్ నుంచి బయటపడి, కిందికి జారి, ఎల్5 పూస వెనక ఎడమ మూలన ఒదిగి ఉంది. సరిగ్గా ఎల్5 నరం బయటికి దిగే దారి అది. కింది డిస్క్ ఉబ్బు ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరికి తెలుసు? నొప్పి లేనివారి వెన్నెముకల స్కాన్లు తీసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ప్రచురించిన ఒక సమీక్షలో, 20 ఏళ్ల వయసులోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. 80 ఏళ్లకు అది 84. వీరిలో ఎవరికీ నొప్పి లేదు. ఫిల్ములో కనిపించిన ప్రతి ఉబ్బుకూ స్క్రూలు వేయడం మొదలుపెడితే ఊళ్లో సగం మందికి వేయాలి. ఈయన పూసలు కదలికలో నిలకడగా ఉన్నాయి, జారలేదు. బిగించాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఆ మాట ఆ రోజే చెప్పాను.

ఆ రెండు వారాలు

“అయితే ఇవాళే తీసేయండి సార్. సీజన్ పోతోంది,” అన్నారు ఆయన. “లేజర్‌తో చేస్తారని బోర్డుల మీద చూశాం. అట్లా చేయరా?” అని భార్య అడిగింది.

నేను ఆపుదామన్నాను. కారణాలు దాచకుండా చెప్పాను. డిస్క్ ముక్కకు, ముఖ్యంగా డిస్క్ నుంచి పూర్తిగా తెగి పడిన ముక్కకు, కరిగిపోయే గుణం ఉంది. శరీరమే దాన్ని పరాయి వస్తువుగా చూసి నెలల్లో తినేస్తుంది. నార్వేలో వెబర్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది దగ్గర ఆపరేషన్ చేయించుకున్నవారు మెరుగ్గా ఉన్నారు గానీ, నాలుగేళ్లకూ పదేళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. నెదర్లాండ్స్‌లో 2007లో 283 మందితో చేసిన అధ్యయనంలోనూ త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నారు. ఆగినవారిలో నూటికి 39 మంది మధ్యలోనే ఆపరేషన్‌కు వచ్చేశారన్నది కూడా చెప్పాను. ఆ సంఖ్య చెప్పకపోతే మిగతాదంతా సగం నిజమే.

అయితే ఆ అధ్యయనంలో కాలు తీవ్రంగా చచ్చుబడినవారిని చేర్చుకోలేదు. నొప్పికి ఆగవచ్చు. బలం దిగజారుతుంటే ఆగకూడదు. ఈయన బలం 5కి 4. దిగజారుతోందా, అక్కడే ఉందా అన్నది ఒక్క రోజు పరీక్షతో చెప్పలేం. మధ్యేమార్గంగా, సి-ఆర్మ్ ఎక్స్‌రే సాయంతో ఎల్5 నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గర ఒక మిల్లీలీటరు మత్తుమందు, దానితోపాటు వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇచ్చాను. పదికి ఎనిమిదిగా ఉన్న నొప్పి అరగంటలో రెండుకు దిగింది. అయిదు వారాల తర్వాత ఆ రాత్రి మొదటిసారి నిద్రపోయారు. నొప్పి పుట్టేది ఎల్5 నరంలోనే అని దీనితో తేలింది. ఆ నరం ఏ చోట నలుగుతోందన్నది మాత్రం ఈ సూది చెప్పదు, దానికి ఫిల్మునే నమ్మాలి. కింది రంధ్రం ఎడమ వైపు విశాలంగా తెరిచి ఉంది కాబట్టి పై ముక్కే దోషి అని ఖాయం చేసుకున్నాను.

ఇంటికి పంపేటప్పుడు మూడు మాటలు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. మూత్రం రాకపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, నడుస్తుంటే ఎడమ చెప్పు తెలియకుండా జారిపోయినా అదే రోజు రండి.

చెప్పు పదో రోజున జారింది. ఆయన పద్నాలుగో రోజున వచ్చారు. నొప్పి అంతగా లేదు కాబట్టి, కాలు బాగానే ఉందనుకుని యార్డులో గోతాలు కుట్టే పనికి వెళ్లారు. టిక్కీలు మోయలేదు, నా మాట నిలబెట్టారు. నాలుగు రోజులు ఆగితే ఆ వారం కూలి చేతికి వస్తుందని ఆగారు. వరండాలో ఆయన నడిచి వస్తుంటే ఎడమ పాదం నేల మీద టప్‌మని పడడం గదిలోకే వినిపించింది. పరీక్షిస్తే బొటనవేలి బలం 3కి, పాదం ఎత్తే బలం 3కి దిగాయి.

ఈ రెండు వారాల గురించే నేను ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. మొదటి రోజే ఆపరేషన్ చేసి ఉంటే ఆ బలం పోయేది కాదు, అది నిజం. అలాంటి బలహీనతతో వచ్చినవారిలో ఎక్కువమంది ఆపరేషన్ లేకుండానే కోలుకున్నారు, అదీ నిజం. ఆ రోజు నాకు తెలిసినంతలో నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే సూది మందు నొప్పిని కప్పేస్తుంది. నొప్పి లేని మనిషి బలం పోవడాన్ని జబ్బుగా లెక్కపెట్టడు, కూలి పోవడాన్నే లెక్కపెడతాడు. రాసిచ్చిన చీటీ సరిపోతుందనుకోవడం నా పొరపాటు. అప్పటి నుంచి కొద్దిపాటి బలహీనత ఉండి ఆగుతున్న ప్రతి రోగికీ మా నర్సు మూడు రోజులకోసారి ఫోను చేసి, మడమల మీద పది అడుగులు నడవమని చెప్పి, పాదం నిలిచిందా దిగిందా అని అడుగుతుంది.

18 మిల్లీమీటర్ల దారి

మర్నాడు ఉదయం ఆపరేషన్‌కు తీసుకున్నాం.

లేజర్ గురించి భార్య అడిగినదానికి అప్పుడు స్థిమితంగా జవాబు చెప్పాను. మేము వాడేది లేజర్ కాదు. సన్నని గొట్టం, సూక్ష్మదర్శిని, చేతులు. కోత చిన్నది కావడం వల్ల నరం ఎక్కువ కోలుకోదు. 2009లో నెదర్లాండ్స్‌లో 328 మందిని రెండు వర్గాలుగా చేసి, గొట్టం ద్వారా కొందరికి, మామూలు సూక్ష్మదర్శిని పద్ధతిలో కొందరికి చేశారు. గొట్టం పద్ధతి మెరుగని తేలలేదు. అయినా నేను గొట్టమే ఎందుకు ఎంచుకున్నాను? కండరాన్ని ఎముక నుంచి ఒలిచి పక్కకు లాగాల్సిన పని ఉండదు, పోగుల మధ్యగా విడదీసుకుని వెళ్లవచ్చు. వీపుతో బతికే మనిషి కండరాన్ని వీలైనంత ముట్టుకోకుండా వదలాలనిపించింది. నా చేతికి బాగా అలవాటైన పద్ధతీ అదే. పూర్తి మత్తు లేకుండా పక్క నుంచి కెమెరా గొట్టం పెట్టి చేసే ఎండోస్కోపీ గురించి కూడా ఆలోచించాను. ముక్క పూస వెనక కిందికి జారి ఉంది. ఆ దారిలో దాన్ని పూర్తిగా అందుకోగలనన్న నమ్మకం నాకు లేదు. అందుకోగలిగిన వైద్యులు ఉన్నారు. పద్ధతి ఎంత కొత్తదన్నది కాకుండా, చేసే చేతికి ఏది పట్టుబడిందన్నది చూసుకోవాలి.

పూర్తి మత్తు ఇచ్చి బోర్లా పడుకోబెట్టాం. ఛాతీ కింద, తుంటి కింద దిళ్లు పెట్టి పొట్ట గాలిలో వేలాడేలా చూశాం. పొట్ట నొక్కుకుంటే వెన్నులోని సిరలు ఉబ్బుతాయి. చిన్న దారిలో చుక్క రక్తం కూడా చూపును కప్పేస్తుంది. సి-ఆర్మ్‌తో త్రికాస్థి నుంచి పైకి పూసలు లెక్కపెట్టి చర్మం మీద గుర్తు వేశాను. గొట్టం దించాక మళ్లీ లెక్కపెట్టాను. ఒక మెట్టు తప్పితే కోత ఎంత చిన్నదైతే ఏం లాభం?

మధ్య గీతకు ఎడమగా ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో, బొటనవేలి గోరు కంటే కాస్త పొడవుగా కోత పెట్టాను. దారి చూపే సన్నని ఉక్కు తీగ నేను వాడను. పూసల మధ్య సందులోంచి అది లోపలికి జారిపోతే నరాల పొరను చీల్చేస్తుంది. మొద్దు కొన ఉన్న చిన్న గొట్టాన్నే ముందు ఎముక అంచుకు తాకించి, దాని మీంచి ఒకదాని కంటే ఒకటి పెద్ద గొట్టాలు దించుతూ, చివరికి 18 మిల్లీమీటర్ల గొట్టాన్ని బిగించాను. రూపాయి బిళ్ల కంటే చిన్న ఆ గుండ్రటి వెలుతురులోనే మిగతా పనంతా.

నాలుగో పూస కింది అంచును డ్రిల్‌తో కొద్దిగా అరిగించాను. ముక్క కిందికి జారింది కాబట్టి అయిదో పూస పై అంచునూ రెండు మిల్లీమీటర్లు తీశాను. దాని కింద పసుపు రంగు బంధనం. తీస్తే నరాల సంచీ, దాని భుజం నుంచి పక్కకు దిగే ఎల్5 నరం కనిపించాయి. గుండ్రంగా ఉండాల్సిన నరం రిబ్బన్‌లా చదునుగా, ఎర్రగా ఉంది. మెల్లగా లోపలి వైపుకు జరిపితే డిస్క్ దగ్గర చిన్న ముక్క కనిపించింది. తీశాను. బఠాణీ గింజంత ఉంది.

అక్కడ ఆగిపోవచ్చు. ముక్క దొరికింది, తీశాం, కుట్లు వేయవచ్చు. ఆపరేషన్ చేయించుకున్నా నొప్పి తగ్గలేదని నా దగ్గరికి వచ్చేవారిలో కొందరి కథ సరిగ్గా ఇక్కడే మొదలై ఉంటుందని నా నమ్మకం. ముక్క దొరకడానికీ నరం విడిపోవడానికీ తేడా ఉంది. నరాన్ని మళ్లీ జరిపి చూశాను, బిగువు పోలేదు. ఫిల్ములో చూసిన ముక్క ఇంత చిన్నదీ కాదు. గుండ్రటి కొన ఉన్న కొక్కేన్ని నరం కిందుగా, అయిదో పూసకు కాడలా ఉండే ఎముక లోపలి గోడను ఆనుకుని కిందికి పోనిచ్చాను. ఏదో మెత్తగా తగిలింది, వెనక్కి లాగితే రాలేదు. సిరలను కాల్చి, నీళ్లతో కడిగి, మళ్లీ ప్రయత్నించాను. మూడోసారికి జారి బయటికి వచ్చింది. తెల్లగా, పీచుపీచుగా, చింతగింజ కంటే పెద్దగా ఉన్న ముక్క. అది రాగానే నరం తనంతట తానే పక్కకు వాలి, గుండె కొట్టుకునే లయలో కదలడం మొదలుపెట్టింది. ఎన్ని వందలసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడదు.

డిస్క్ లోపల మిగిలిన గుజ్జును ఎంత తీయాలన్నదాని మీద వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. ఎక్కువ తీస్తే మళ్లీ బయటికి వచ్చేది తగ్గవచ్చు, కానీ డిస్క్ కుంగి నడుము నొప్పి మిగలవచ్చు. నేను వదులుగా ఉన్నవి మాత్రమే తీస్తాను. డిస్క్‌కు అటు వైపు, పొట్టలో, పెద్ద రక్తనాళాలు ఆనుకుని ఉంటాయి. లోపలికి పెట్టే పట్టకారు మీద 3 సెంటీమీటర్ల దగ్గర గుర్తు ఉంటుంది. ఆ గుర్తు దాటి పోనివ్వను. 70 నిమిషాల్లో ముగిసింది. రక్తం 30 మిల్లీలీటర్లకు మించలేదు. నరాల పొర చెక్కు చెదరలేదు.

డిస్క్ ముక్క నరాన్ని నొక్కడమే కాలి నొప్పికి కారణమని బోస్టన్‌లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లో రాసేదాకా, ఇలాంటి ముక్కల్ని చాలామంది కణితులని అనుకునేవారు. ఆ ఆపరేషన్లలో కోత పొడుగ్గా ఉండేది. యాసర్గిల్, కాస్పర్ 1977లో సూక్ష్మదర్శినిని తెచ్చారు. ఫోలీ, స్మిత్ 1997లో గొట్టాన్ని తెచ్చారు. దారి చిన్నదవుతూ వచ్చింది, లోపల చేసే పని మాత్రం మారలేదు.

తర్వాత

ఆ సాయంత్రమే లేచి నడిచారు. కాలి మంట పదికి ఒకటి. “కాలు నాది కానట్టు తేలిగ్గా ఉంది సార్,” అన్నారు. పాదం మాత్రం అలాగే వాలుతోంది. ఇది ముందే చెప్పాను, అయినా నొప్పి పోయిన ఆనందంలో కాలు ఎత్తి చూసుకుని ఆయన ముఖం వాడిపోయింది. నొప్పి గంటల్లో పోతుంది, బలం నెలల్లో వస్తుంది, తిమ్మిరి అన్నిటికంటే ఆఖరున పోతుంది. ఒక్కోసారి పోదు. పాదం వాలకుండా పట్టే తేలికపాటి పట్టీ ఇచ్చి, రెండో రోజు ఇంటికి పంపాం.

పన్నెండో రోజున నొప్పి మళ్లీ వచ్చిందని భార్య ఏడుస్తూ ఫోను చేసింది. వచ్చాక పరీక్షిస్తే కాలు 70 డిగ్రీల దాకా లేస్తోంది, బలం తగ్గలేదు. నలిగిన నరం కోలుకునేటప్పుడు ఇలా ఒకసారి రగలడం మామూలే. వారం మందులతో పోయింది.

ఆరో వారానికి బలం 4కి కాస్త తక్కువ. మూడో నెలకు నిండుగా 4. ఇక అసలు సమస్య అప్పుడు ఎదురైంది. నరాన్ని నేను విడిపించగలను, ఆయన పనిని మార్చలేను. చిట్లిన పొర మచ్చ కట్టి మూసుకుంటుంది గానీ, అసలు పొరంత గట్టిగా ఉండదు. నూటికి 5 నుంచి 15 మందికి అదే చోట మళ్లీ వస్తుంది. టిక్కీలు ఎత్తే మనిషికి మోకాళ్లు వంచి ఎత్తండి, నడుము వంచకండి అని కాగితం చేతికిచ్చి పంపడం నాకు సిగ్గుగా అనిపించింది. లారీ మీది నుంచి వీపు మీదికి దిగే బరువుకు ఆ కాగితం పనికిరాదు. ఆయన ముఠా మేస్త్రిని వెంటబెట్టుకుని రమ్మన్నాను. వచ్చారు. ఆయనకూ ఫిల్ము చూపించి, ఏడాది పాటు మోత పని వద్దని వివరించాను. పెద్దమనిషి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన అన్న కూడా ఇలాగే పడిపోయాడని, అప్పుడు ఎవరూ ఇలా చూపించలేదని చెప్పారు. కాటా దగ్గర తూకం పని ఇప్పిస్తానన్నారు. కూలి తక్కువ. ఎంత తక్కువో భార్య చెప్పింది. పెద్ద కుమార్తె ఇంటర్ చదువుతోందని కూడా చెప్పింది.

ఏడో నెలలో పిరుదు దగ్గర నొప్పి తిరగబెట్టింది. మళ్లీ ముక్క వచ్చిందేమోనని నాకూ భయం వేసింది. సిరలోకి రంగు మందు ఎక్కించి ఎంఆర్‌ఐ తీయించాను. మచ్చ కణజాలానికి రక్తప్రసారం ఉంటుంది కాబట్టి మందు పీల్చుకుని తెల్లగా వెలుగుతుంది, కొత్త డిస్క్ ముక్క మధ్యలో నల్లగానే ఉంటుంది. ఎల్5 నరం చుట్టూ పల్చని మచ్చ తెల్లగా వెలిగింది, ముక్క లేదు. ఎల్5–ఎస్1 డిస్క్ ఉబ్బు, స్క్రూలు వేస్తామన్న ఆ ఉబ్బు, ఎప్పటిలాగే అక్కడే ఉంది. వ్యాయామాలు మార్చాం. మూడు వారాల్లో తగ్గింది.

చివరిగా పద్నాలుగో నెలలో చూశాను. కాలు రెండు వైపులా సమానంగా లేస్తోంది. బొటనవేలి బలం 4 దాటింది, 5 కాలేదు. వేళ్ల సందులో గుండుసూది ఇంకా మొద్దుగానే తెలుస్తోంది. నడుము నొప్పి పని ఎక్కువైన రోజున పదికి రెండు. పాదం పట్టీ మానేసి నాలుగు నెలలైంది. మోత పనికి వెళ్లవచ్చా అని అడిగారు. వద్దన్నాను. తల ఊపారు. ఆయన గది దాటి వరండాలో నడుస్తుంటే, ముందున్న కాగితం పక్కన పెట్టి అడుగుల చప్పుడు విన్నాను. ఎడమ చెప్పు ఇంకా కాస్త ఆలస్యంగా పడుతోంది.